తుంటి దెబ్బ... మోకాలికి!

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. పళ్ల సంగతేమో గానీ, తుంటి కీలు అరిగితే మోకాలు నొప్పి పుట్టొచ్చు. రెండింటికీ కొన్ని నరాలు ఉమ్మడి మరి!

విశ్రాంత సైనికులు ఎక్కువగా ఉండే నేరేడ్‌మెట్‌లో నిటారుగా నిలబడటం ఎలాగో ఒకరు చెప్పక్కర్లేదు. అయితే అది కండబలం ఒక్కటే కాదు. కటి ఎముక నుంచి తొడ ఎముకకు తలకిందులైన 'వై' ఆకారంలో ఓ లిగమెంటు ఉంటుంది. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. నిలబడ్డప్పుడు బిగుసుకుని, మొండెం వెనక్కి వాలకుండా పట్టి ఉంచుతుంది. కటి వెనకవైపు కీళ్లు కదిలేది మాత్రం కొద్ది మిల్లీమీటర్లే. గర్భిణుల్లో హార్మోన్లు వాటి లిగమెంట్లను వదులు చేస్తాయి.

నెలల తరబడి రాసినా మోకాలి నొప్పి తగ్గలేదా? మందు మాత్రం ఏం చేస్తుంది పాపం! గజ్జల్లో నొప్పి, చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోవడం కూడా ఉంటే తుంటినీ చూడమని డాక్టరును అడగాలి. పెద్దవాళ్లు జారిపడి కాలు మోపలేకపోతే మాత్రం లేపి నడిపించొద్దు, నేరుగా ఆసుపత్రికే.