లేజర్ ఎవరి చేతిలో ఉందో తెలియాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

మా గాజువాకలో కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించే వారిని కూడా జనం ‘కళ్ల డాక్టరు గారూ’ అనే పిలుస్తారు. ఉక్కు కర్మాగారం, రేవు కార్మికులు ముందు వెళ్లేదీ అక్కడికే. ఇలా చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టులు రాష్ట్ర మండలిలో నమోదు కావాలని 2021 కేంద్ర చట్టం చెప్పింది. మంచిదే.

శుక్లం ఆపరేషన్ తర్వాత కటకం వెనక పొర మసకబారితే చేసే యాగ్ లేజర్ సంగతి వేరు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం 1998లోనే ఆప్టోమెట్రిస్టులకు లేజర్ అనుమతించింది. మనకా తొందర వద్దు. చేసేది కొద్ది నిమిషాలే, కానీ ఆ తర్వాత కంటి ఒత్తిడి పెరిగినా, రెటీనా ఊడినా చివరికి సర్జన్ దగ్గరికే పరుగెత్తాలి.

ప్రతి కళ్లజోళ్ల దుకాణంలో ఆప్టోమెట్రిస్టు నమోదు సంఖ్య, చేయదగిన పనులు తెలుగులో గోడమీద రాయించండి. లేజర్ యంత్రం ఉన్నచోట బాధ్యుడైన నేత్రవైద్యుడి పేరు కూడా.

ఇట్లు,
గాజువాక వాసి