మూడు బస్తాల ఆదా, ఎనిమిది బస్తాల నష్టం

కోళ్ల పెంపకానికి రుణం పొందిన రైతు సోదరులారా! బ్రాయిలర్ ఫారము ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే పోవునని మీకు అనుభవమే. కనుకనే ధరలు పెరిగినపుడు మొదట దాణాలోనే కోత పెట్టదలచుట సహజము. 2021లో సోయా చెక్క ధర విపరీతముగా పెరిగి, ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించవలసి వచ్చింది. అట్టి రోజులలో పిల్లల తొలి దాణాలో నూకలు, తవుడు కలిపి సరిపెట్టుట పొదుపుగా తోచవచ్చును. అది పొదుపు కాదని మా అభిప్రాయము.

లెక్క చూడండి. వెయ్యి కోడిపిల్లలు మొదటి వారములో తినే ప్రీ-స్టార్టర్ దాణా సుమారు 150 కిలోలు, అనగా మూడు బస్తాలు. ఆ వెయ్యి కోళ్లు రెండేసి కిలోలు తూగుటకు, కిలో బరువుకు 1.6 కిలోల చొప్పున 3,200 కిలోల దాణా కావలెను. తొలినాళ్లలో ఎదుగుదల కుంటుపడి ఈ నిష్పత్తి 1.8కి చేరినచో 400 కిలోలు, అనగా ఎనిమిది బస్తాలు అదనము. అమ్మకము ఆలస్యమైన కొలదీ బ్యాంకు వాయిదా చెల్లింపు కూడ వెనుకబడును.

భారతీయ ప్రమాణాల సంస్థ 2007 నాటి ప్రమాణములో ప్రీ-స్టార్టర్‌కు 23, స్టార్టర్‌కు 22, ఫినిషర్‌కు 20 శాతము మాంసకృత్తులు కనీసముగా నిర్ణయించినది. వయసుతో అవసరము తగ్గునని దీని భావము. కొందరు దీనికి విరుద్ధముగా, బలమునకు మంచిదని స్టార్టర్‌నే చివరి వరకు వాడుదురు. ఇదియు పొరపాటే. మిగులు మాంసకృత్తులు యూరిక్ ఆమ్లముగా రెట్టలో పోవును. కోళ్లు అధికముగా నీరు త్రాగును, లిట్టరు తడిసి అమ్మోనియా పుట్టి కండ్లకు, ఊపిరికి హాని చేయును. మన వేసవిలో కోడికి వేడి భారము కూడ పెరుగును. కావున మూడు వారాల తరువాత రెండు దాణాలను రెండు మూడు రోజులు కలిపి పెట్టి, క్రమముగా ఫినిషర్‌కు మారండి.

డీలరు మిత్రులకు ఒక మనవి. ప్రయోగశాలలో నత్రజనిని 6.25తో హెచ్చించి మాంసకృత్తుల శాతము కట్టుదురు. యూరియాలో 46 శాతము నత్రజని ఉండుటచే, చెక్కలో దానిని కల్తీ చేసినచో కాగితముపై అంకె పెరుగును గాని కోడికి ఒరిగేదేమియు లేదు. కోడికి కావలసినవి లైసిన్, మిథియోనిన్ వంటి ఆమ్లములు. సరుకు ఎక్కడ నుండి వచ్చినదో తెలిసికొని, తయారీ తేదీ చూపి, బిల్లు వ్రాసి అమ్మండి. అరువుపై తీసికొన్న రైతుకు కూడ ఆ బిల్లు అడుగు హక్కు గలదు.

రైతులారా, వారమునకొకసారి కొన్ని కోళ్లను తూచి, వాడిన బస్తాలతో సహా పుస్తకములో వ్రాసికొనండి. బరువు తగ్గుచున్నట్లు రెండవ వారములోనే తెలిసినచో సరిదిద్దుకొనుటకు వ్యవధి ఉండును. అమ్మకపు రోజున తెలిసినచో మిగులునది అప్పు మాత్రమే.