హరామ్ అనే ముందు

గత మాసం అసర్ నమాజ్ అనంతరం మీర్‌పేట్‌కు చెందిన ఒక తండ్రి, ఇంటర్ చదువుతున్న తన కుమార్తెను వెంటబెట్టుకొని మా మదర్సాకు వచ్చారు.

“మౌలానా! కొరియా సీరియళ్ళు చూసి ఈ పిల్ల ‘దుబు కిమ్చి’ వండుతానంటోంది. అది హరామ్ అని మీరైనా చెప్పండి” అన్నారు.

“అందులో ఏది హరామో చెబితే అది మానేస్తాను, అబ్బా” అంది అమ్మాయి తలవంచుకొని.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దుబు అంటే సోయా పాలను విరిచి గడ్డకట్టించిన టోఫు. కిమ్చి అంటే ఉప్పులో ఊరిన క్యాబేజీకి కారం, అల్లం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన ఊరగాయ. కొరియా కుటుంబాలు కలిసి కిమ్చి పెట్టుకునే ఆచారాన్ని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పులిసిన కిమ్చిని నూనెలో వేయించి, వేడినీటిలో ఉడికించిన దుబు ముక్కలతో వడ్డిస్తారు.

అభ్యంతరం వేరేచోట ఉంది. అక్కడ కిమ్చితోపాటు తరచుగా పంది మాంసం వేయిస్తారు. ఈ వంటకాన్ని బియ్యపు మద్యంతో నంజుకుంటారు. పంది మాంసాన్ని, మద్యాన్ని దివ్య ఖుర్ఆన్ స్పష్టంగా నిషేధించింది (5:3, 5:90). కిమ్చిలో చేపల రసం, ఉప్పు రొయ్యలు కూడా కలుపుతారు. చేప హలాల్. రొయ్యల విషయంలో హనఫీ ఉలమాల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. సందేహమున్నవారు వాటిని వదిలేసినా కిమ్చి పులుస్తుంది.

మరి పులియడం మాటేమిటి? కిమ్చి పులుపు పెరుగు పులుపు వంటిదే. అది మత్తు కలిగించదు. దైవప్రవక్త (స) ఖర్జూరాలు, ఎండుద్రాక్ష నానబెట్టిన నీటిని సేవించేవారు. మూడు రోజులు దాటితే దానిని సేవించేవారు కాదు. సిర్కాను మంచి వ్యంజనమని మెచ్చుకున్నారు. కనుక నిషేధానికి కారణం మత్తే గాని, పులుపు కాదు.

నేను ఆ తండ్రితో ఇలా అన్నాను: “భాయ్! హరామ్‌ను హలాల్ అనడం ఎంత పాపమో, హలాల్‌ను హరామ్ అనడం కూడా అంతే పాపం. నోటికి వచ్చినట్లు ఇది హలాల్, అది హరామ్ అని అల్లాహ్‌కు అబద్ధాలు అంటగట్టవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది (16:116). మనకు నచ్చనిదల్లా హరామ్ అంటే, రేపు నిజమైన హరామ్ గురించి చెప్పినా పిల్లలు నమ్మరు. హోటల్‌లోనైతే ఏ మాంసం, ఏ రసం వాడారో అడిగి తెలుసుకోవాలి, తెలియకపోతే మానుకోవాలి. ఇంట్లోనైతే పదార్థాలు మన చేతిలోనే ఉంటాయి.”

ఆయన కాసేపు మౌనంగా ఉండి, “పద బేటీ, దారిలో క్యాబేజీ తీసుకుందాం” అన్నారు.

ధర్మాన్ని సక్రమంగా గ్రహించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.