లిఫ్ట్ కిట్ కొనేముందు ఈ లెక్క చేశారా?

ముంచింగిపుట్టులో ఉండే మా ఫ్రెండ్ థార్ కొన్నాడు. 31 అంగుళాల టైర్లు తీసేసి 33 వేయించాలని, దానికోసం బండిని లేపాలని వాడి కోరిక. మెకానికల్ చదివిన మీకో ప్రశ్న: అప్పుడు వెనక ఇరుసు కింద ఎత్తు ఎంత పెరుగుతుంది? రెండంగుళాలు అన్నారా, ఇంటర్వ్యూలో దొరికిపోయినట్టే. ఒక్క అంగుళమే. పెరిగేది వ్యాసార్థం కదా!

లిఫ్ట్ కిట్ ఆ ఇరుసును మిల్లీమీటరు కూడా లేపదు, పెద్ద టైరుకు చోటిస్తుందంతే. బాడీ లిఫ్ట్ అంటే ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. చవక. సస్పెన్షన్ లిఫ్ట్‌లో ఛాసిస్ కూడా లేస్తుంది గానీ, ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగ్ రాడ్ల కోణాలు మారిపోతాయి. ఏది చేసినా బరువు పైకి జరుగుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో అది బాగానే తెలుస్తుంది. పైగా మీటరు 60 చూపిస్తుంటే బండి 64లో ఉంటుంది.

అసలు చిక్కు చట్టంతో. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే అంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

ఏజెన్సీ బురదలో కావాల్సింది ఎత్తు కన్నా పట్టు. అందుకే నేనైతే అదే సైజులో ఆల్-టెరైన్ టైర్లు చాలంటాను. మా వాడు ఇంకా ఒప్పుకోలేదు.