నల్లమచ్చ లోపమా? కట్టెల ఆవంలో కాలిన ముంతకు దక్కని విలువ

దీపావళి ప్రమిద, సంక్రాంతి గురిగి, పెళ్లింటి ఐరేని కుండ, పాలు తోడుపెట్టే ముంత.. తెలుగువారి శుభకార్యాల్లో చిన్న మట్టిపాత్రలది చెరగని స్థానం. అయినా సంతలో వాటిని చేతిలోకి తీసుకున్నవారు ముందుగా వెతికేది లోపాన్నే. అంచు కాస్త వంగిందని, పక్కన నల్లమచ్చ ఉందని ధర తగ్గించమంటారు. చేతిపనికి, కట్టెల మంటకు ఆనవాళ్లయిన ఆ గుర్తులే కుమ్మరి ఆదాయానికి గండికొడుతున్నాయి. పథకాలు ఎన్ని వచ్చినా కొనేవారి చూపు మారనిదే ఈ వృత్తి నిలదొక్కుకోవడం కష్టమే.

మచ్చ వెనుక మర్మం

చెరువు మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, ఇసుక కలిపి కాళ్లతో తొక్కిన తర్వాతే అది సారె మీదికి చేరుతుంది. ముంత లోపల చేతికి తగిలే సన్నని గీతలు కుమ్మరి వేళ్ల జాడలు. అడుగున కనిపించే వంకర గీత, సారెపై ఉన్న మట్టిముద్ద నుంచి దానిని దారంతో కోసి వేరుచేసిన గుర్తు. అచ్చులో తయారైన పాత్రలో ఇవి కనిపించవు.

ఇక రంగు నిప్పు పుణ్యమే. గాలి ధారాళంగా తగిలినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. పొగ కమ్మి గాలి అందనిచోట పాత్ర నల్లబడుతుంది. అందుకే ఒకే ఆవంలో కాలినా ఏ రెండు ముంతలూ ఒకేలా ఉండవు. నల్లమచ్చ ఉన్నంత మాత్రాన పాత్ర సరిగా కాలలేదని అర్థం కాదు. నాణ్యతను తేల్చేది మోత. వేలితో కొడితే ఖంగుమనాలి. మొద్దు చప్పుడు వస్తే పగులు ఉందనో, పచ్చిగా మిగిలిందనో అనుమానించాలి.

చిన్న పాత్రపైనే భారం

ఆవం కాల్చడం ఓర్పుతో కూడిన పని. తడి ఆరని పాత్రకు ఒక్కసారిగా మంట తగిలితే లోపలి నీరు ఆవిరై పగిలిపోతుంది. కనుక తొలుత సన్నని సెగ పెట్టి, ఆపై కట్టెలు ఎగదోస్తారు. మట్టి గట్టిపడి మళ్లీ నీటిలో కరగని స్థితికి రావాలంటే వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మంట ఆరాక తొందరపడి తెరిచినా పగుళ్లు తప్పవు. అకాల వర్షం కురిస్తే రోజుల తరబడి పడిన శ్రమ వృథా.

పూర్వం పెద్ద కుండల నడుమ సందుల్లో ముంతలు, ప్రమిదలు పేర్చేవారు. కట్టెల ఖర్చు పెద్ద కుండలే భరించేవి. స్టీలు, ప్లాస్టిక్ సామగ్రి, ఫ్రిజ్‌ల రాకతో పెద్ద కుండలకు గిరాకీ పడిపోయింది. ఫలితంగా మట్టి రవాణా, కట్టెల ఖర్చు చిన్న పాత్రలపైనే పడుతోంది. ప్రమిదపై ఒక్క రూపాయి తగ్గించమనడం కొనేవారికి స్వల్పమే కావచ్చు, ఆవం మొత్తానికి లెక్కిస్తే కుమ్మరి కూలి అందులోనే కరిగిపోతోంది.

పథకాలు తీర్చనివి

రైళ్లలో మట్టి ముంతల్లో తేనీరు ఇవ్వాలని 2004లో అప్పటి రైల్వే మంత్రి లాలూప్రసాద్ యాదవ్ తలపెట్టినా ఆ ప్రయత్నం నిలకడగా సాగలేదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులపై నిషేధం వచ్చినా ఆ ఖాళీని కాగితపు కప్పులు ఆక్రమించాయి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీతో రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు హామీ లేని రుణం ఇందులో ఉన్నాయి. విద్యుత్ సారె చేతుల శ్రమను తగ్గిస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఉత్పత్తి పెరిగినంత మాత్రాన గిట్టుబాటు ధర రాదు. రుణం తీరాలన్నా సరుకు అమ్ముడుపోవాల్సిందే.

కొనేవారి చేతిలోనే..

నున్నగా రంగులద్దిన పాత్రలు కంటికి ఇంపుగా ఉండవచ్చు. కానీ రంగుపూత మట్టిలోని సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఆ రంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరవడం వల్లనే కూజాలో నీరు చల్లబడుతుంది. ఆహారానికి, తాగునీటికి పూత లేని పాత్రే మేలు. కొత్త ప్రమిదలను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి ఆరనిస్తే నూనె పీల్చుకోవడం తగ్గుతుంది. పగులు కనిపిస్తే నిరాకరించడం, మోత విని ఎంచుకోవడం కొనేవారి హక్కు. మచ్చను చూపి ధర తగ్గించమనడం మాత్రం న్యాయం కాదు. ఈ తేడా గుర్తించిన గ్రామాల్లోనే ఆవం మరికొన్నేళ్లు వెలిగే అవకాశం ఉంది.