పోర్ట్ హ్యూరన్‌లో ఓ అమ్మ



మొన్న పక్కింటి కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది. రెండో తరగతి చదువుతున్న కొడుకుని బళ్ళో 'మొద్దు' అన్నారట. "ఫోన్లో ఓ కథ వచ్చింది అక్కయ్యా. ఎడిసన్ బడి నుంచి ఉత్తరం తెస్తే, 'మీవాడు మేధావి' అని వాళ్ళమ్మ మార్చి చదివిందట. నేనూ అలా అబద్ధం చెప్పనా?" అంది.

"ఆ ఉత్తరం కథ కల్పితమమ్మా. జరిగింది ఇంకా బాగుంటుంది" అని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. మీరూ వినండి.

అమెరికాలో, మిచిగాన్ రాష్ట్రం తూర్పు అంచున పోర్ట్ హ్యూరన్ అనే చిన్న ఊరుంది. హ్యూరన్ సరస్సు నీళ్ళు సెయింట్ క్లెయిర్ నదిగా మారేది అక్కడే. సరస్సంటే మన ఊరి చెరువనుకునేరు! అవతలి గట్టు కనబడదు. నదికి ఆ ఒడ్డున కెనడా. 1938లో కట్టిన వంతెనా, దాని పక్కనే 1997లో కట్టిన రెండోదీ ఇప్పుడు రెండు దేశాలనీ కలుపుతున్నాయి.

ఈ వంతెనలేవీ లేని రోజుల్లో, 1854లో, ఎడిసన్ వాళ్ళు ఆ ఊరొచ్చారు. పిల్లాడికి ఏడేళ్ళు. బడి ముచ్చట కొద్ది నెలలే. మాష్టారు తనని బుర్ర సరిగా లేనివాడన్నారని ఇంటికొచ్చి చెప్పాడు. తల్లి నాన్సీ ఊరుకోలేదు. బడికెళ్ళి నిలదీసింది. బడి మాన్పించి తనే చదువు చెప్పింది. పెళ్ళికి ముందు కెనడాలో పంతులమ్మగా చేసిన మనిషి మరి!

ఇంట్లో చేసుకునే ప్రయోగాలున్న సైన్సు పుస్తకం చేతికిస్తే వాడు అన్నీ చేసి చూశాడు. ఇంటి కింది గదినిండా సీసాలే. ఎవరూ ముట్టుకోకుండా వాటికి 'విషం' అని చీటీలు! 1859లో, పన్నెండేళ్ళకే, డెట్రాయిట్ రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. 1862లో ఆ రైల్లోనే సొంతంగా ఓ చిన్న పత్రిక అచ్చేశాడు. అప్పటి రైలుస్టేషన్ ఇప్పుడు వంతెన నీడన మ్యూజియం.

నా మనసు పట్టుకున్న మాట ఇంకోటుంది. నాన్సీ 1871లో పోయింది. కొడుకు మాటని పట్టి వినిపించే ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో, దీపం వెలిగించింది 1879లో. ఆవిడ రెండూ చూడలేదు. ఫలితం చూశాక మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. ఏమీ కనబడకముందే పక్కన కూర్చోవడమే కష్టం.

అందరం బడి మాన్పించలేం, అక్కర్లేదు కూడా. పిల్లలంతా ఎడిసన్లు కానక్కర్లేదు. టీచరుగారి దగ్గరికెళ్ళి వాడికి ఏది రావట్లేదో మర్యాదగా అడగండి. రోజూ అరగంట వాడితో కూర్చోండి.

నిన్న పక్కింటి కోడలు నవ్వుతూ వచ్చింది. "గ్లాసుతో బియ్యం కొలిపిస్తూ కూడికలు చెప్తున్నా అక్కయ్యా. నిన్న లెక్క తప్పింది నేనే, వాడు కాదు!"

మరి మీ ఇంట్లో అరగంట ఎప్పుడు?