నలభై రెండో రోజు సాయంత్రం

కార్తీకం రాగానే నాయుడుపేట బజార్లో నల్లబట్టలు కనబడతాయి. మొన్నటిదాకా పొద్దుగూకితే వైన్‌షాపు దగ్గర తేలిన మనిషి, మెళ్లో మాలతో, చెప్పుల్లేని కాళ్లతో ఎదురొస్తాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. నలభై రెండో రోజు సాయంత్రం మళ్లీ అదే షాపు.

భక్తి చాల్లేదని వీధి తీర్పు చెప్పేస్తుంది. తగ్గింది భక్తి కాదు, జట్టు. మాలలో ఉన్నన్నాళ్లూ చీకటి పడితే వెళ్లడానికి ఒక చోటుంది. పీఠం దగ్గర భజన, పక్కన పదిమంది. అక్కడ మేస్త్రీకీ ఆఫీసరుకీ ఒకటే పేరు, స్వామి. మాల తీయగానే ఆ చోటు పోతుంది, పాత పేరూ పాత సావాసమూ తిరిగొస్తాయి.

పేరు పక్కనపెట్టి కూర్చునే అలాంటి చోటును ఏడాది పొడుగునా నడిపేదే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో పుట్టింది, 1957లో ఢిల్లీ చేరింది. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరినట్టే. ఫీజు లేదు. ఖర్చులకు సభ్యులే తలా కొంచెం వేసుకుంటారు, బయటివాళ్ల చందా పుచ్చుకోరు.

మీటింగంటే ఎవరో క్లాసు పీకుతారని భయపడేవాళ్లే ఎక్కువ. నిజానికి అక్కడుండేది పది ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఒకరు లేచి ఇంటిపేరు లేకుండా పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అంటారు. పెళ్లాం తాళిబొట్టు తాకట్టు పెట్టిన సంగతో, పిల్లాడి ఫీజు డబ్బు తాగేసిన సంగతో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డం రారు, సలహాలివ్వరు. నోరు విప్పడం ఇష్టం లేకపోతే ఊరికే కూర్చుని రావచ్చు. జీవితాంతం మానతానని ఒట్టేయమని ఎవరూ అడగరు, లెక్కంతా ఇవాళ్టిదే. కన్నెస్వామికి గురుస్వామి ఉన్నట్టే, కొత్తవాడికి ముందే మానేసిన ఒకాయన తోడుంటాడు. స్పాన్సర్ అంటారు. రాత్రి తొమ్మిదికి నాలుక పీకితే ఫోన్ చేయాల్సింది ఆయనకే.

ఇదంతా ఊరికే ఓదార్పు మాటలేనా? 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2020లో వచ్చింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ బాట మిగతా చికిత్సల కంటే మెరుగైన ఫలితమే ఇస్తోందని తేల్చింది.

చిక్కంతా చోటు వెతుక్కోవడంలో ఉంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన కొత్త మద్యం విధానంతో రాష్ట్రంలో 3,396 షాపులు తెరిచారు, క్వార్టర్ 99 రూపాయలకే అన్నారు. వాటికి బోర్డులున్నాయి. ఏఏ మాత్రం ప్రచారం చేసుకోకూడదన్నది తన కట్టుబాటుగా పెట్టుకుంది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో, ఆ గడప తొక్కితే ఎవరు చూస్తారోనన్న బెంగ మరొకటి. తాగుడుకు బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారని ఎయిమ్స్ 2019 నివేదిక చెప్పింది.

నెల్లూరు సీమకు ఈ పోరు కొత్త కాదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ తాగుడు గోడు చెప్పుకున్న ఆడవాళ్లే 1992లో సారా దుకాణాల మీదికి కదిలారు. వాళ్లలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం మాత్రం 1997లోనే సడలింది. షాపు మూయించడానికి అంత పోరాటం జరిగింది గానీ, మానేసిన మగాడు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆడవాళ్లకు దారి చూపింది కూడా రాత్రిపూట కలిసి కూర్చున్న ఒక గదే.

ఇప్పుడు కావలసిందీ అలాంటి గదే. వారానికోసారి గంటసేపు ఒక బడి గదో, లైబ్రరీ హాలో, చర్చి వెనక వరండానో ఇస్తే చాలు. మేనకూరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగే కుర్రాళ్లకు అందే వేళ చూసి పెడితే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాత మీటింగు. దారి తెలియకపోతే కేంద్రం నడిపే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. రైలెక్కి చెన్నై వెళ్లగలిగితే, అడయార్‌లో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీకే ఆసుపత్రి ఉంది. భార్యాబిడ్డల కోసం ఆల్‌అనాన్ మీటింగులు వేరే ఉన్నాయి.

గది దొరికినా జనం వస్తారా అన్నది తర్వాతి అనుమానం. ఏఏ పుట్టుకే దానికి జవాబు. 1935 మేలో పనిమీద ఆక్రన్ వచ్చిన బిల్ అనే వ్యాపారికి హోటల్లో ఒక పక్క బార్ సందడి, ఇంకో పక్క ఫోన్. ఫోన్ ఎత్తి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడించమని చర్చివాళ్లను అడిగాడు. అలా దొరికిన డాక్టర్ బాబ్ మర్నాడు పదిహేను నిమిషాల కంటే కూర్చోనని చెప్పి వచ్చాడు. రాత్రి పదకొండు దాటినా ఇద్దరూ లేవలేదు.